శివన్ గారు తమిళ మీడియంలో చదివారని మన పిల్లలకు తెలుగు మీడియం సరిపోతుందా?

దేవరకొండ తండ్రి:
మా పాప జూన్‌లో ఆరో తరగతికి వస్తుంది. 2018 నుంచి 2022 దాకా ఇస్రో ఛైర్మన్‌గా చేసిన శివన్ గారు సర్కారు బడిలో తమిళంలోనే చదివారట. ఇంగ్లీషు కోసం ఆగం కావద్దని మా అన్న అంటున్నాడు. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది.

అచ్చంపేట లెక్కల టీచర్:
తమ్ముడూ, మీ అన్న చెప్పింది నిజమే. తమిళనాడులో నాగర్‌కోయిల్ దగ్గర పల్లెలో పుట్టిన రైతుబిడ్డ శివన్ గారు. ఇంటి దగ్గర కాలేజీ అయితే పొలం పనికి అందివస్తాడని నాన్న నాగర్‌కోయిల్‌లోనే బీఎస్సీ మ్యాథ్స్‌లో చేర్పించాడు. మద్రాసు ఎం.ఐ.టి. కాలేజీలో ఏరోనాటికల్, అంటే విమానాల ఇంజినీరింగ్ ఆ తర్వాతే, 1980లో పూర్తయింది. 1982లో బెంగళూరులో ఎం.ఇ., అదే ఏడాది ఇస్రోలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ పని. రాకెట్ ఏ దారిలో పోతుందో ముందే లెక్కగట్టే 'సితార' సాఫ్ట్‌వేర్‌కు ప్రధాన రూపకర్త ఆయనే. అదంతా లెక్కల బలం. మా క్లాసులో 'రేషియో' నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లలున్నారు. నాలుగెకరాలకు ఆరు బస్తాల యూరియా అయితే ఆరెకరాలకు ఎన్ని అంటే నోరు మెదపరు. నిష్పత్తి తెలుగులో అర్థమైన పిల్లకు ఇంగ్లీషు మాట నేర్పడం ఒక్క పూట పని.

నల్లగొండ ఇంజినీర్:
సార్, నేనూ తెలుగు మీడియమే. బీటెక్ మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు పోయాయి. లెక్కలు రాక కాదు, ప్రశ్న అర్థం కాక. శివన్ గారికి బడికీ ఇంజినీరింగ్‌కూ మధ్యలో మూడేళ్ల డిగ్రీ దొరికింది. మేము ఇంటర్ నుంచి నేరుగా పోయి పడ్డాం. నా రూమ్మేట్లు ఇద్దరు చదువు మానేసి ఊరికి వెళ్లిపోయారు. వాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

అచ్చంపేట లెక్కల టీచర్:
ఆ మూడేళ్ల సంగతి నేను ఆలోచించలేదు బాబూ, నువ్వన్నది సరైన మాట. అయినా అప్పు చేసి ప్రైవేటు బడికి పంపడం నాకు నచ్చదు. 2022-23 నుంచి మన సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పాపతో రోజూ ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లీషు పేజీ పైకి చదివించు తమ్ముడూ. తేడా నువ్వే చూస్తావు.

దేవరకొండ తండ్రి:
చదివిస్తాను సార్. కానీ మా బడిలో రెండేళ్లుగా లెక్కల సారే లేడు. దానికి ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?