రిపోర్టులన్నీ నార్మల్, నొప్పులు మాత్రం ఏడాదిన్నరగా అలాగే ఉన్నాయి. ఎవరికి చూపించాలి?

మునుగోడు తమ్ముడు:
మా అక్కకి 34 ఏళ్ళు, మునుగోడు దగ్గర ఊరు. ఏడాదిన్నరగా మెడ, భుజాలు, నడుము, పిక్కలు నొప్పులు. పొద్దున లేవగానే ఒళ్ళంతా పట్టేసినట్టు ఉంటుంది. సీబీపీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్ నార్మల్. నడుము ఎమ్మారై కూడా బాగానే ఉందన్నారు. ఏఎస్ఓ టైటర్ మాత్రం 400 వచ్చిందని 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. ఆరు అయ్యాయి, మార్పేమీ లేదు. ఎముకల డాక్టరేమో టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇప్పుడు న్యూరోకి (నరాల విభాగం) వెళ్ళాలా, రుమటాలజీకా (కీళ్ళవాతం, వాపు జబ్బుల విభాగం)? ఇంకా ఏ టెస్టులు చేయించాలి?

కీళ్ళ ఓపీ:
రుమటాలజీకి వెళ్ళండి తమ్ముడూ. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. అక్కడ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, పొద్దున పట్టేసినట్టుండటం ఎంతసేపు ఉంటుందని. అరగంట దాటి ఉండి, పనిలో పడ్డాక సర్దుకుని, పడుకుంటే పెరిగి, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంటే అది వెన్నెముక వాపు జబ్బు కావచ్చు. సాధారణంగా 45 ఏళ్ళ లోపే మొదలవుతుంది. మామూలు నడుము ఎమ్మారైలో ఇది తప్పిపోవచ్చు. సాక్రోఇలియాక్ కీళ్ళకి (నడుము కింద వెన్ను, తుంటి ఎముక కలిసే చోటు) విడిగా, వాపు కనిపించే స్టిర్ సీక్వెన్స్‌తో తీయాలి. మొదట్లో ఎక్స్‌రే, సీఆర్పీ (ఒంట్లో వాపు చూపే రక్తపరీక్ష) రెండూ నార్మల్‌గానే ఉండొచ్చు.

ఏఎస్ఓ సంగతి గట్టిగా చెప్పాలి. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఎప్పుడో వచ్చి పోయిందని చెప్పే గుర్తు అది, అంతే. ఈ ఇంజెక్షన్లు ఆ గొంతు జబ్బు తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరానికి. అది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి వస్తుంది. పెద్ద కీళ్ళు ఒకటి తర్వాత ఒకటి వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. ఆ లక్షణాలేవీ లేకుండా ఆ అంకె ఒక్కటే చూసి ఇంజెక్షన్లు వేయడం తప్పు. అలాగని మీకు మీరే ఆపకండి. గుండెలో ఏదైనా ఉంటే ఆపకూడదు. టూడీ ఎకో (గుండె స్కాన్) తీయించి, డాక్టర్ చేతనే ఆపించండి.

ఇక టెస్టులు: ఈఎస్ఆర్, సీఆర్పీ (రెండూ వాపుకి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, సీపీకే (కండరాలకి), క్రియాటినిన్ (కిడ్నీకి), షుగర్, బీ12. డి బాగా తక్కువగా ఉండి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే ఎముకలు మెత్తబడుతున్నాయేమో చూడాలి. అలాంటివాళ్ళు కింద కూర్చుంటే చేతులు ఆన్చకుండా లేవలేకపోవచ్చు. డి మాత్ర 60,000 యూనిట్లది రాస్తే సాధారణంగా వారానికి ఒకటే, 8 వారాలు. రోజూ వేసుకుని కాల్షియం పెరిగి, వాంతులతో, కిడ్నీ దెబ్బతిని వచ్చేవాళ్ళున్నారు. చీటీ మీద "వారానికి" అని పెద్దగా రాయించుకోండి.

నీళ్ళ పరీక్ష:
మునుగోడు అన్నారు కాబట్టి ఫ్లోరైడ్ సంగతి వదలొద్దు. నీళ్ళలో అది ఎక్కువైతే ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకి ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి, అదే ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బుని 1937లో మొదట బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లాలో. మునుగోడు ఉన్న నల్గొండలో చాలా ఊళ్ళు దీని బాధ పడ్డాయి. మూడు పరీక్షలు ఇంట్లోనే చేయొచ్చు. మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తీయగలగాలి. గడ్డం ఛాతీకి తగలాలి. చేతులు చాచి, మోచేతులు మడిచి తల వెనక పెట్టగలగాలి. ఇవి కుదరకపోతే ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ చూపించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్ళు ఎక్కడివో డాక్టర్‌కి చెప్పండి. ఇప్పుడు నది నీళ్ళు తాగుతున్నా పాత ఫ్లోరైడ్ ఎముకలో ఉండిపోతుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు లేనప్పుడు 1.5 దాకా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

మునుగోడు తమ్ముడు:
మూడూ చేయగలుగుతోందండీ. పట్టేయడం పావుగంటలో పోతుంది. కానీ ఎంత పడుకున్నా అలసటే, చేత్తో కాస్త నొక్కినా నొప్పి అంటుంది.

నొప్పి క్లినిక్:
మీరిప్పుడు చెప్పినవి ఫైబ్రోమయాల్జియా వైపు చూపిస్తున్నాయి. దీన్ని పట్టే రక్తపరీక్ష లేదు. ఈ జబ్బులో నరాలూ మెదడూ మామూలు ఒత్తిడిని కూడా నొప్పిగా లెక్కేస్తాయి. నొప్పి నిజమైనదే, ఆ మాట అక్కకి ఇంట్లోవాళ్ళే ముందు చెప్పాలి. 2016 కొలమానం ప్రకారం నొప్పి కనీసం 3 నెలలుగా ఉండాలి, శరీరంలోని 5 ప్రాంతాల్లో కనీసం 4 చోట్ల ఉండాలి. 19 చోట్లలో ఎన్ని నొప్పో లెక్కేస్తారు. అలసట, లేచినా తీరని నిద్ర, మతిమరుపు వంటి వాటికి 12కి మార్కులు వేస్తారు. కనీసం 7 చోట్లు, కనీసం 5 మార్కులు ఉన్నా సరే, 4 నుంచి 6 చోట్లే ఉండి కనీసం 9 మార్కులు ఉన్నా సరే, ఈ జబ్బు కిందే లెక్క. థైరాయిడ్, డి లోపం పక్కన ఉన్నా ఇది ఉండకూడదని లేదు.

డాక్టర్ దగ్గరికి ఒక్క కాగితం తీసుకెళ్ళండి. ఎప్పుడు మొదలైంది, మొదట్లో జ్వరం (ముఖ్యంగా చికున్‌గున్యా) వచ్చిందా, నిద్ర, ముట్టు, కాన్పులు, వాడిన మందుల స్ట్రిప్పులు. నొప్పి ఎలాంటిదో మన మాటల్లోనే రాయండి. సలుపు, పోటు, తీపులు, గుంజుడు ఒక రకం. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు ఇంకో రకం. రెండోది ఎక్కువైతే న్యూరో అవసరం పడుతుంది. ఉత్త "నొప్పులు" అంటే డాక్టర్ చేతికి ఏమీ దొరకదు.

ఇచ్చే మందుల్లో అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, డ్యులాక్సెటిన్, ప్రెగాబలిన్ ఉండొచ్చు. మందుల షాపులో "ఇది మనసు జబ్బుకి" అనగానే చాలామంది ఆపేస్తారు. ఇక్కడ నొప్పికీ నిద్రకీ ఇస్తారు, అమిట్రిప్టిలిన్ అయితే తక్కువ మోతాదులో. నాలుగైదు వారాలైనా చూడాలి. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడుతుంటే తప్పక చెప్పండి, వీటితో కలిస్తే ప్రమాదం.

ఫిజియో:
వ్యాయామం లేకుండా మందులతోనే అవదు. బాగా నొప్పిగా ఉన్న రోజు ఎంత నడవగలదో, అంతే మొదలు. 5 నిమిషాలైనా సరే. రోజూ అంతే, వారం తర్వాత ఒక నిమిషం పెంచండి. ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజు ఇల్లంతా కడిగేస్తారు, తర్వాత రెండు రోజులు మంచం దిగలేరు. ఎక్కువగా చెడిపోయేది అక్కడే.

కీళ్ళ ఓపీ:
ఊళ్ళో పొడి మందులు వాడి ఉంటే దాచొద్దు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, మొహం గుండ్రంగా ఉబ్బితే అందులో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి. నెలలకొద్దీ వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు, డాక్టర్ మెల్లగా తగ్గించాలి. డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) నెలలుగా మింగుతుంటే క్రియాటినిన్ తప్పనిసరి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కీలు వాయడం ఉంటే ఆ వారంలోనే చూపించండి. కాళ్ళు బలం తగ్గినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చుంటే కిందికి ఆనే భాగం మొద్దుబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.