అరవై దాటాక బీచ్ రోడ్డు నడక ఒక్కటే చాలా?

ఉప్పుగాలి: ఆర్కే బీచ్‌లో రోజూ గంట నడిచేవాళ్ళకి బరువులెందుకండీ? బీపీకీ షుగరుకీ నడకే మందు. ముసలివాళ్ళ చేత డంబెల్స్ ఎత్తించడం జిమ్ముల బేరం.

కండబలం: నడక మానమని ఎవరన్నారు? వయసుతో ఎక్కువగా చిక్కిపోయేవి వేగంగా బిగిసే కండపోగులు. తీరిగ్గా నడిస్తే వాటికి పెద్దగా పని పడదు. తడి బాత్రూంలో కాలు జారినప్పుడు నిలదొక్కుకోవాల్సింది వాటితోనే. 1990లో అమెరికా వైద్యురాలు ఫియాటరోన్ బృందం సగటున 90 ఏళ్ళున్నవాళ్ళ చేత 8 వారాలు తొడలకి బరువుల కసరత్తు చేయిస్తే బలం 174 శాతం పెరిగింది.

ఉప్పుగాలి: అది పదిమంది మీద చేసిందే కదా! అయినా కైలాసగిరి మెట్లెక్కితే తొడలకి పని చెప్పినట్టే.

కండబలం: 1994లో అదే బృందం 100 మందితో మళ్ళీ చేసింది, 10 వారాల్లో 113 శాతం. మెట్లు మంచివేగానీ బరువు ఎప్పుడూ ఒకటే, ఒళ్ళు అలవాటు పడిపోతుంది. జిమ్ అక్కర్లేదు. కుర్చీని గోడకి ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, ఆపైన పడితే కండ తగ్గిందేమో చూపించుకోవాలని 2019లో ఆసియా వైద్య నిపుణుల బృందం పెట్టిన ప్రమాణం. కసరత్తూ అదే: 8 నుంచి 12 సార్లు, కాస్త ఆగి ఇంకో విడత, వారానికి 2 రోజులు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఎగబాకుతుంది. కూర్చునేటప్పుడు 3 సెకన్లు తీసుకోండి. చాలామంది దబ్బున కూలబడతారు, కొంత లాభం అక్కడే పోతుంది. 12 తేలికైపోతే సంచిలో 2 కిలోల బియ్యం పోసి గుండెకి హత్తుకోండి.

పెసరట్టు: తిండి మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్ళకి ఒంటి బరువులో కిలోకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటున్నారు, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72. మూడు ఇడ్లీల్లో ఆరేడు గ్రాములే. 50 గ్రాముల పెసలతో అట్టేస్తే 12, గుడ్డుకి 6.

ఉప్పుగాలి: అయితే పౌడర్ డబ్బా కొంటే సరి!

కండబలం: ఆ 1994 పరీక్షలోనే కొందరికి కసరత్తు లేకుండా పోషక పానీయం ఒక్కటే ఇచ్చారు. బలం పెరగలేదు.

పెసరట్టు: ఒక్క మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపువాళ్ళూ, షుగరు పాతబడినవాళ్ళూ ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. కిడ్నీ దెబ్బతిని డయాలసిస్ మొదలుకానివాళ్ళకి ఈ లెక్క వర్తించదు, కిలోకి 0.8 గ్రాముల దగ్గరే ఆపమంటారు.

ఉప్పుగాలి: కుర్చీ పరీక్షకి ఒప్పుకున్నా. మోకాళ్ళు అరిగినవాళ్ళ సంగతో?

కండబలం: కుర్చీ మీద దిండేసి ఎత్తు పెంచండి. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలనివ్వకండి.