ఒకే షాట్‌లో ఇసుకలోంచి మనిషి: ఆంగస్ మెక్‌బీన్ పద్ధతి తెలిసినవాళ్లున్నారా?

నేను తెనాలిలో పద్యనాటకాల వాళ్లకు ఫోటోలు తీస్తుంటాను. ఈమధ్య ఆంగస్ మెక్‌బీన్ అనే వేల్స్ ఫోటోగ్రాఫర్ పిచ్చి పట్టుకుంది. మొదట మాస్కులు చేసేవాడట. 1935లో లండన్‌లో స్టూడియో పెట్టాడు. మరుసటి ఏడాది ఐవర్ నొవెల్లో అనే నటుడి నాటకానికి మాస్కులు చేసి, ఆ నాటకం ఫోటోలతోనే పైకొచ్చాడు. యుద్ధకాలంలో స్వలింగ సంబంధాల కేసులో జైలుకెళ్లి, 1944లో బయటికొచ్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. బీటిల్స్ మొదటి ఆల్బమ్ అట్ట మీద, మెట్లపైనుంచి తొంగిచూసే ఆ ఫోటో కూడా ఇతనిదే!

నా సందేహం 1950లో నటి ఆడ్రీ హెప్‌బర్న్‌తో తీసిన లాక్టో కాలమైన్ (చర్మానికి రాసుకునేది) ప్రకటన గురించి. భుజాల దాకా ఇసుకలో ఉంటుంది, పక్కన చిన్న చిన్న స్తంభాలు. చూస్తే ఎడారిలో పెద్ద విగ్రహంలా అనిపిస్తుంది. ఫోటోషాప్ లేని రోజులు కదా.

మా ద్రౌపది పాత్రధారిణిని అలా తీయాలని ఉంది. బల్లకు రంధ్రం కోసి, పైన ఇసుక పోసి చూశాను. ఆవిడ పావుగంటకే మెడ పట్టేసిందని లేచిపోయింది, ఇసుకంతా కిందికి జారింది. పైగా ముఖం ఫోకస్‌లో ఉంటే వెనక థర్మాకోల్ స్తంభాలు మసకబారుతున్నాయి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) f/16కి తగ్గిస్తే నా రెండు లైట్లూ చాలట్లేదు.

లైట్లు ఎక్కడ పెట్టాలి? స్తంభాలు ఎంత దూరంలో ఉండాలి? ఎడిటింగ్‌లో అతికించమని మాత్రం చెప్పకండి, అది నాకూ తెలుసు. వచ్చే నెలలో ప్రదర్శన, టెన్షన్‌గా ఉంది.