షుగర్ లేనివారు వార్ధక్యాన్ని నెమ్మదింపజేయడానికి మెట్‌ఫార్మిన్ వేసుకోవచ్చా?

గోదారిగట్టు:
మెట్‌ఫార్మిన్‌ను 1957 నుంచీ షుగర్ రోగులకు ఇస్తున్నారు. ధర స్వల్పం, దుష్ఫలితాలు వైద్యులకు బాగా తెలిసినవే. ఈ మాత్ర వాడే షుగర్ రోగులు, అదే వయసులో ఉండి షుగర్ లేనివారికంటే కూడా కాస్త ఎక్కువకాలం బతికారని 2014లో బ్రిటన్ వైద్య రికార్డుల పరిశీలన తేల్చింది. 2024లో చైనా శాస్త్రవేత్తలు మగ కోతులకు 40 నెలలపాటు ఇదే మందు ఇచ్చి చూస్తే, కణాల స్థితిని బట్టి వాటి మెదడు వయసు సుమారు 6 ఏళ్లు వెనక్కి వెళ్లినట్లు తేలింది. అరవై దాటి, కుటుంబంలో అల్జీమర్స్ చరిత్ర ఉన్నవారు ఇంకా ఎందుకు ఆగాలి?

కృష్ణాతీరం:
గోదారిగట్టు గారూ, 2014 నాటి పోలికలోనే ఒక తిరకాసు ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో సరిపోతున్నవారంటే షుగర్ ఇంకా ముదరనివారన్నమాట. వ్యాధి పెరిగి మందు మార్చవలసి వచ్చినవారు అక్కడితో ఆ లెక్క నుంచి తప్పుకున్నారు. 2022లో డెన్మార్క్ రికార్డులతో అదే ప్రశ్నను మళ్లీ పరిశీలిస్తే ఆ ఆధిక్యం కనిపించలేదు. ఎలుకల్లోనూ అంతే. అమెరికా జాతీయ వార్ధక్య సంస్థ తరఫున మూడు ప్రయోగశాలల్లో జరిగిన పరీక్షలో రాపమైసిన్ అనే మరో మందు ఆయుష్షును పెంచింది గాని, మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు చెప్పుకోదగిన తేడా రాలేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది వ్యాయామం సంగతి. 2019లో వెలువడిన ఒక పరీక్షలో, 65 దాటిన ఆరోగ్యవంతులు 14 వారాలు బరువులెత్తే కసరత్తు చేయగా, మెట్‌ఫార్మిన్ వేసుకున్నవారికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే తక్కువ కండ పట్టింది. అదే ఏడాది వచ్చిన మరో పరీక్షలో, ఏరోబిక్ వ్యాయామం వల్ల కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు కలగవలసిన మేలును ఈ మందు అడ్డుకుంది. రోజూ నడిచే పెద్దాయనకు ఈ మాత్ర ఇవ్వడమంటే ఆయన కష్టార్జితంలో కొంత లాక్కోవడమే.

మందులషాపు:
ఒక మాట చేర్చనివ్వండి. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ పేగుల్లో సరిగా ఇంకదు. శాకాహారుల్లో అసలే అది తక్కువ. ఆ లోపం వల్ల అరికాళ్లలో తిమ్మిర్లే కాక మతిమరుపు కూడా రావచ్చు కాబట్టి, మెదడు కోసమని మొదలుపెట్టిన మాత్ర మెదడుకే చేటు చేసే ప్రమాదం ఉంది.

గోదారిగట్టు:
బి12 లోపాన్ని రక్తపరీక్షతో పట్టుకోవచ్చు, తీర్చుకోవచ్చు. దానికోసం మందునే కాదనడం అతి జాగ్రత్త. మోకాళ్ల నొప్పితో నడవలేనివారి మాటేమిటి? 2006లో వెలువడిన భారతీయ పరీక్షలో షుగర్ రాకుండా ఆపడంలో జీవనశైలి మార్పు 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ 26.4 శాతం మేలు చేశాయి. రెండూ దాదాపు సమానమే కదా.

కృష్ణాతీరం:
ఆ పరీక్షలో పాల్గొన్నవారి సగటు వయసు 46, పైగా వారందరూ షుగర్ అంచున ఉన్నవారే. అమెరికాలో 2002 నాటి పెద్ద పరీక్షలో అరవై దాటినవారిని విడిగా చూస్తే, జీవనశైలి మార్పు షుగర్ వచ్చే ముప్పును 71 శాతం తగ్గించగా, మెట్‌ఫార్మిన్ 11 శాతం దగ్గరే ఆగిపోయింది. షుగర్ లేని వృద్ధుల విషయం తేల్చడానికి న్యూయార్క్‌లోని వార్ధక్య పరిశోధకుడు నిర్ బర్జిలాయ్ 65 నుంచి 79 ఏళ్ల మధ్యవారు 3,000 మందితో ఒక పరీక్షను రూపొందించారు. పేటెంట్ ఎప్పుడో తీరిపోయిన మందు కావడంతో దానికి నిధులు దొరకడమే గగనమైంది. షుగర్ అంచున ఉన్న నలభై ఏళ్ల స్థూలకాయునికి వైద్యుడు ఈ మాత్ర రాస్తే నాకు అభ్యంతరం లేదు. కాని అది షుగర్ నివారణ, వార్ధక్య చికిత్స కాదు.