స్పెక్ట్రమ్ 48కె లో 4116 పోయింది, 4164 గుచ్చేయొచ్చా?

పాత_పెట్టె:
మా మామయ్య 1985లో లండన్ నుంచి తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ హోమ్ కంప్యూటర్ అటక మీద దొరికింది, ఆన్ చేస్తే కాపీరైట్ లైన్ రావట్లేదు, స్క్రీన్ నిండా నిలువు గీతలే. 4116 ర్యామ్ ఐసీలు 8 ఉన్నాయి, అందులో ఒకటి వేలు పెట్టలేనంత కాలుతోంది. కోఠి గుజరాతీ గల్లీలో 4116 అని అడిగితే షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు, 4164 ర్యామ్ ఐసీలు అయితే పాతవి డబ్బాలో ఉన్నాయన్నాడు. రెండూ 16 పిన్నులే కదా?

సోల్డర్_సుబ్బు:
ఆగు తమ్ముడూ! 4116కి మూడు సప్లైలు, 1వ పిన్నుకి మైనస్ 5, 8కి 12, 9కి ప్లస్ 5 వోల్టులు. 4164కి 5 ఒక్కటే, అదీ 8వ పిన్నుకి, కానీ నీ బోర్డు అక్కడ 12 ఇస్తుంది, పెట్టిన మరుక్షణం గోవిందా. ఇలా చెయ్, సాకెట్ వేసి, 4164 ఐసీకి 1, 8 పిన్నులు బయటికి వంచేసి, 8 నుంచి 9కి చిన్న వైరు వెయ్, 1ని గాల్లో వదిలెయ్. 9 మీద బోర్డు 5 వోల్టులు ఎలాగూ ఉంది, 4164లో 9 అంటే ఏ7 అడ్రస్ లైను, అది ఎప్పుడూ హైలోనే ఉండిపోతుంది కాబట్టి 64కె లో పావు వంతే వాడుతుంది, ఒక్కో 4116లో ఉండేది 16కె బిట్లే, మనకి కావాల్సింది అంతే. మిగతా ఏడూ 4116లే ఉన్నా గొడవ లేదు. 8కి, 16కి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తగిలించు. ఐసీ మీద చివర 15 అని ఉందో లేదో చూడు, అంటే 150 నానోసెకండ్లు.

రేడియో_రంగడు:
ఇవన్నీ సరే, ముందు మల్టీమీటర్ పెట్టి మైనస్ 5 ఉందో లేదో చూశారా? అది లేకుండా 12 వస్తుంటే మంచి 4116లు కూడా పోతాయి. షార్ట్ అయిన ర్యామ్ ఉంటే ఆ 12, మైనస్ 5 తయారుచేసే సర్క్యూట్‌లోని టీఆర్4 ట్రాన్సిస్టర్ కూడా పోయి ఉండొచ్చు, ర్యామ్ తీయకుండా అదొక్కటే మారిస్తే కొత్తదీ పోతుంది, నాకు అలా రెండు పోయాయి.

పాత_పెట్టె:
మొత్తం 8 మార్చేస్తే ఆ 12 వోల్టుల గోలే ఉండదుగా, ఆ సర్క్యూట్ పీకేయనా?

రేడియో_రంగడు:
పీకకండి బాబూ, కలర్ ఐసీ ఎల్‌ఎమ్1889కి 12 కావాలి.

పాత_పెట్టె:
టీఆర్4 పోయింది నిజమే, కాలే ఐసీ తీసేసి అది మార్చాక మైనస్ 5 వచ్చింది, వైరు వేసిన 4164 ఒక్కటి పెట్టా, 1982 సింక్లెయిర్ అని లైన్ వచ్చేసింది!! కీబోర్డ్ రిబ్బన్ మాత్రం పట్టుకోగానే పుటుక్కుమంది, దానికి వేరే పోస్ట్ పెడతా.