అరికాళ్ళ మంటలకు ప్రీగాబలిన్ మొదలుపెట్టాలా, బి12 ఇంజెక్షన్లు చాలవా?

బరంపురం మగ్గాల వీధి:
నాన్నకు 61 ఏళ్ళు. షుగరు పదిహేనేళ్ళుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాది నుంచి రాత్రయ్యేసరికి రెండు అరికాళ్ళూ మండిపోతున్నాయి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. తడిగుడ్డ చుట్టుకుని, చల్లటి గచ్చుకు కాళ్ళు ఆనించి తెల్లవార్లూ కూర్చుంటారు. పగలేమో ఇంకో బాధ. మగ్గం గుంటలో కూర్చుంటే ఏ చెక్క తొక్కుతున్నారో కాలికి తెలియట్లేదు, వంగి కళ్ళతో చూసుకుంటున్నారు.

ఇక్కడి డాక్టరు గారు నరాల నొప్పికని రాత్రికి ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు రాశారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మావయ్య ఆ చీటీ చూసి, "ఇది మత్తు మందు, మొదలెడితే వదలదు. బి12 ఇంజెక్షన్లు చేయించు, నరాలు వాటంతటవే బాగుపడతాయి" అంటున్నారు. నాన్న కూడా అటే మొగ్గుతున్నారు. మందు ఇంకా కొనలేదు. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ రైల్వే క్వార్టర్స్:
మీ మావయ్య గారు భయపడడంలో తప్పు లేదు. మా అమ్మకు ఇదే మందు మొదట్లోనే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చారు. రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడింది. మడమలు వాచాయి, బరువు పెరిగింది. మగత వస్తుందని గానీ, పడుకుని లేచేటప్పుడు జాగ్రత్త అని గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. తర్వాత విశాఖపట్నం తీసుకెళ్తే రక్త పరీక్షలో బి12 బాగా తక్కువ ఉందని తేలింది. ఇంజెక్షన్లు పడ్డాక కొన్ని నెలల్లో మంట చాలావరకు తగ్గింది. ఆ పరీక్షేదో ముందే చేసుంటే ఆమె పడేదే కాదు. అందుకే నేను అడిగేది, ముందు విటమిన్ చూడకుండా ఈ మందు చీటీలోకి ఎందుకు వస్తోందని?

పర్లాకిమిడి మందుల షాపు:
కౌంటర్లో రోజూ చూసేది చెప్తాను. "నరాల విటమిన్ ఇవ్వండి" అని పాత మాత్రల షీటు తెచ్చి చూపిస్తారు. వెనక్కి తిప్పి చదివితే ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు, మిథైల్‌కోబాలమిన్ (అంటే బి12) 750 మైక్రోగ్రాములు అని ఉంటుంది. రెండూ కలిపిన మాత్ర అది. మన దేశంలో ఇలాంటివి బోలెడు బ్రాండ్లు ఉన్నాయి. కాబట్టి "నాకు బి12తోనే తగ్గింది" అనేవాళ్ళలో కొందరు తెలియకుండా ప్రీగాబలిన్ కూడా మింగుతున్నవాళ్ళే. "ఉత్త విటమినే కదా" అని పక్కింటి ముసలావిడకు ఆ మాత్ర ఇచ్చేవాళ్ళనూ చూశాను. దయచేసి షీటు వెనక్కి తిప్పి చదవండి, చదవడం రాకపోతే షాపులో అడగండి. ప్రీగాబలిన్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. మా షాపులో ఇవ్వం, దాని మీద రోజూ గొడవే.

రాయగడ వారి అనుభవానికి వస్తే, మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గడం రుజువైన విషయం. గ్యాస్‌కని పాంటాప్రజోల్ లాంటివి రోజూ మింగినా తగ్గుతుంది. రక్తంలో మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు ఉన్నట్టే లెక్క, అప్పుడు ఇంజెక్షన్ మందే. లోటు లేనివాళ్ళకు షుగరు వల్ల వచ్చిన మంటను బి12 తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఇంకో మాట, బి కాంప్లెక్స్ అంటే ఎంత వేసుకున్నా ఫర్వాలేదనుకుంటారు. అందులోని బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి పడితే అదే నరాలను పాడుచేస్తుంది.

రాయగడ రైల్వే క్వార్టర్స్:
మా అమ్మకు బి12 ఉత్త ఇంజెక్షనే, కలిపిన షీటు కాదు. సరే, మీ మాట ఒప్పుకుంటాను. కానీ ప్రీగాబలిన్ నరాన్ని బాగుచేయదు కదా? నొప్పి తెలియకుండా చేస్తుందంతే. జబ్బు లోపల పెరుగుతుంటే పైకి కప్పిపుచ్చడం వైద్యం ఎలా అవుతుంది?

గుణుపురం రిటైర్డ్ మాస్టారు:
బాబూ, ఆ మంట పడుతున్నవాడిగా చెప్తున్నాను. నొప్పి తగ్గించడం కూడా వైద్యమే. నిద్ర లేకపోతే మర్నాడు షుగరు ఎక్కువ చూపిస్తుంది, నడవబుద్ధి కాదు, ఇంట్లో అందరి మీదా విసుగు. నాకు రాత్రి ఒక్కటే, అదీ చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు. మంట పూర్తిగా పోలేదు. పదికి ఎనిమిది ఉండేది నాలుగుకు దిగింది. ఆ నాలుగుతో పడుకోగలను.

వదలదు అన్న మాట గురించి. వాడుతూ వాడుతూ శరీరం అలవాటు పడుతుంది, నిజమే. ఉన్నట్టుండి మానేస్తే చెమటలు, నిద్రలేమి, కంగారు వస్తాయి. కనీసం వారం పైన, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలి. సారా అలవాటున్నవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు ఆ సంగతి దాచకూడదు. ఇవన్నీ కలిస్తే మత్తు ప్రమాదకరం.

మిరపకారంలోని కాప్సైసిన్‌తో చేసిన పూతమందు కూడా వాడాను. మొదట్లో ఇంకా మండుతుంది, రోజూ రాస్తూ ఉంటే ఆ చోట నొప్పి చెప్పే నరాలు నెమ్మదిస్తాయి. ఆ కారానికి నరం ఎలా స్పందిస్తుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పుండు ఉన్న చోట రాయకూడదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా కళ్ళు ముట్టుకోకూడదు.

జయపురం స్టాఫ్ నర్సు:
తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో రాత్రి మంట గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు భయం వేసింది ఆ మగ్గం మాట చదివి. మీ నాన్నగారికి కష్టాలు రెండు. మంట ఒకటి, మొద్దు ఒకటి. దెబ్బతిన్న నరం ఏ కారణం లేకుండానే నొప్పి కబురు పంపుతూ ఉంటుంది, ప్రీగాబలిన్ ఆ కబురును తగ్గిస్తుంది. షుగరు వల్ల పోయిన స్పర్శను వెనక్కి తెచ్చే మాత్ర మాత్రం ఏదీ లేదు. కాళ్ళు పోగొట్టేది మంట కాదు, మొద్దు.

మా వార్డుకు ఒకాయన సంత నుంచి నేరుగా వచ్చాడు, జ్వరమని. చెప్పు విప్పమంటే చెప్పు రాలేదు. అడుగు నుంచి దిగిన మేకు పాదంలోకి పోయి, చెప్పునూ కాలినీ కలిపి పట్టేసింది. ఆ కాలితోనే రోజంతా సంతలో తిరిగాడు. నొప్పి లేదంటాడు. చుట్టూ చీము పట్టి ఉంది. మడమ మీద పాత మచ్చ ఒకటి, అదేమిటంటే తిమ్మిర్లకని వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే కాలింది. నీళ్ళు ఎంత వేడో పాదానికి తెలియలేదు.

కాబట్టి ఏ మందు మొదలెట్టినా, మానినా ఇవి మాత్రం తప్పవు. రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు వేళ్ళ సందులతో సహా నువ్వు చూడాలి, ఆయన చూపు మీద వదలొద్దు. వేణ్ణీళ్ళ కాపడం, హీటింగ్ ప్యాడ్ వద్దు. ఎం.సి.ఆర్. చెప్పులని మెత్తటి రబ్బరువి దొరుకుతాయి, వెనక పట్టీ ఉన్నవి కొను, ఇంట్లో కూడా వేయించు. మగ్గం మీద అవి వేసుకుని తొక్కడం కుదరకపోతే ఆ చెక్కలకు మెత్తటి గుడ్డ చుట్టండి, మేకులు పైకి లేచాయేమో రోజూ తడిమి చూడండి. ఒక్కసారి పెద్దాసుపత్రిలో మోనోఫిలమెంట్ పరీక్ష చేయించు. 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకిస్తారు, తెలిసిందో లేదో చెప్పాలి. నిమిషాల్లో అయిపోతుంది.

ఇక ఏ మందు అన్న తగవు. 2022లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ వాళ్ళ పరిశీలన వచ్చింది. షుగరు వల్ల నరాల నొప్పి ఉన్న 130 మందికి ఎమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్ ఒక్కోదానితో మొదలుపెట్టి, చాలకపోతే ఇంకోటి కలిపారు. ఎటునుంచి మొదలుపెట్టినా నొప్పి సగటున పదికి 6.6 నుంచి 3.3కి దిగింది. అంటే ప్రీగాబలినే వాడాలని లేదు, మనిషిని బట్టి ఎంచుకోవచ్చు. ఎమిట్రిప్టిలిన్ చాలా చవక, కానీ మగవాళ్ళలో ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే మూత్రం బిగుసుకుంటుంది, గుండె జబ్బు ఉన్నా ఆలోచించాలి. ప్రీగాబలిన్‌కు కిడ్నీ చూడాలి. అది శరీరం నుంచి బయటికి పోయేదే కిడ్నీల గుండా. కిడ్నీ వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా దిగితే మోతాదు తగ్గించాలి. తగ్గించకపోతే మగత, తూలు ఎక్కువవుతాయి. రాయగడ అన్నా, మీ అమ్మగారికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూశారా?

మీ మావయ్యది ఇచ్ఛాపురం అన్నావు, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆ వైపు ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో మనందరికీ తెలుసు. అక్కడి చుట్టరికాలున్న ప్రతి ఇంట్లోనూ ఈ పరీక్ష ముందు చేయించుకోవాలి. నొప్పికని డైక్లోఫెనాక్ మాత్రలు మింగడం ఇంకా తప్పు. నరాల మంటకు అవి పనిచేయవు, కిడ్నీకి మాత్రం దెబ్బ.

రాయగడ రైల్వే క్వార్టర్స్:
చూడలేదక్కా. మందు రాసేటప్పుడు అడగలేదు, మాకూ తెలియదు. ఇప్పుడు చేయిస్తాను.

కాశీపూర్ ఆశా కార్యకర్త:
ఒక్క విషయం కలుపుతాను. షుగరు ఉంది కదా అని ప్రతి తిమ్మిరీ షుగరుదే అనుకోకండి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, దాని మీద గిల్లినా తెలియకపోతే, మోచేతి దగ్గర నరం తాడులా లావుగా తగిలితే, అది కుష్ఠు కావచ్చు. మా వైపు ఊళ్ళలో ఇంకా కనిపిస్తోంది. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకుంటేనే చేతులు వంకర్లు పోతాయి. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్ళకు కూడా తిమ్మిర్లు వస్తాయి, వాళ్ళకు బి6 కలిపి ఇస్తారు. టీబీ మందు మానేయకుండా వచ్చి చెప్పాలి.

గుణుపురం రిటైర్డ్ మాస్టారు:
నర్సమ్మ గారి చెప్పుల మాట మీద ఒక మనవి. బరంపురంలో ఠకురాణి అమ్మవారి యాత్ర వస్తే పెద్దవాళ్ళు చెప్పులు వేసుకోమంటే వింటారా? ఎండకు కాలిన రోడ్డు మీద నడిచి మొక్కు తీర్చుకోవాలనుకుంటారు. నేను మా ఊరి గుడికి ఇప్పటికీ చెప్పులు లేకుండానే వెళ్తాను, అది మానను.

జయపురం స్టాఫ్ నర్సు:
మాస్టారూ, మీ కాలికి స్పర్శ ఉంటే కాలితే తెలుస్తుంది. ఆ నాన్నగారికి తెలియదు. యాత్ర చైత్రంలో వస్తుంది, తారు ఎంత కాగి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గుడి గుమ్మం దాకా చెప్పులు, లోపల మందపాటి నూలు మేజోళ్ళు. దీనికి ఏ అమ్మవారూ అలగదు. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

బరంపురం మగ్గాల వీధి:
అందరికీ దండాలు. పరీక్షలు చేయించాను. బి12 158 వచ్చింది, క్రియాటినిన్ మామూలుగానే ఉంది. డాక్టరు గారికి మావయ్యనే వెంటబెట్టుకుని వెళ్ళాను. బి12 ఇంజెక్షన్లు రాశారు, ప్రీగాబలిన్ రాత్రికి ఒక్కటే ఉంచారు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఆయన నిద్ర లేకుండా కూర్చోనక్కర్లేదు అన్నారు. షుగరు కూడా ఒక్కసారిగా దించితే మంట ఎక్కువ కావచ్చు, మెల్లగా దించుదాం అన్నారు. మావయ్య ఇంజెక్షన్లకు సరే అన్నారు, మాత్ర దగ్గర ఇంకా ముఖం చిట్లిస్తున్నారు. పాదం చూస్తే ఎడమ బొటనవేలి కింద కాయ కాసి మధ్యలో నల్లగా ఉంది. మాకెవరికీ తెలియదు. అక్క చెప్పకపోతే ఇప్పటికీ చూసేవాళ్ళం కాదు.

జయపురం స్టాఫ్ నర్సు:
ఆ నలుపు లోపల రక్తం, పైకి కాయలా ఉన్నా అడుగున పుండు ఉండవచ్చు. బ్లేడుతో మీరు కోయొద్దు, కాయలకు అంటించే పట్టీలు వేయొద్దు. రేపే సర్జరీ ఓపీలో చూపించండి, అప్పటిదాకా ఆ కాలితో మగ్గం తొక్కనివ్వకండి.

రాయగడ రైల్వే క్వార్టర్స్:
తమ్ముడూ, రెండూ కలిపి ఇవ్వడం మీద నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం వదలకు. ఎన్ని వారాలకు చూసి, తగ్గకపోతే ఎలా తగ్గించి ఆపుతారో చీటీ మీద రాయించుకో. మా అమ్మకు ఆ మాట రాసినవాళ్ళు లేరు, ఏళ్ళ తరబడి అదే ప్రీగాబలిన్ షీటు తిరిగి తిరిగి కొన్నాం.

పర్లాకిమిడి మందుల షాపు:
దీనికి నేనూ చేయెత్తుతాను. ఇంకోటి, ఇంజెక్షన్లు నడుస్తున్నన్నాళ్ళు కలిపిన షీటు కాకుండా ఉత్త ప్రీగాబలిన్ అడగండి, జన ఔషధి షాపులో చవకగా దొరుకుతుంది. ఆపాల్సి వచ్చినప్పుడు ఏది ఆపుతున్నారో మీకు తెలుస్తుంది.