ఫెర్మెంటర్ నుంచి కెగ్‌లోకి మార్చాక బీరుకి అట్టపెట్టె రుచి – మన వైజాగ్ వాళ్ళెవరైనా చెప్పండి

ఎంవీపీ కాలనీ, ఇప్పుడు కొలంబస్:
నమస్తే అండి. నేను అమెరికా వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ ఇంట్లోనే బీరు చేసుకోవచ్చని తెలిసి మొదలుపెట్టాను, ఇది మూడో బ్యాచ్. ఫెర్మెంటర్‌లో (బీరు పులిసే పాత్ర) ఉండగా రుచి చూస్తే చాలా బాగుంటోంది, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన పండిన మామిడిపండులా గుప్పుమంటోంది. కెగ్‌లోకి (బీరు నిల్వ ఉంచే స్టీలు డబ్బా) మార్చిన మూడు వారాలకే ఆ వాసన పోయి తడిసిన అట్టపెట్టె నమిలినట్టు ఉంటోంది, లేత పసుపు రంగు కాస్తా డికాక్షన్ రంగుకి తిరిగిపోతోంది. కెగ్ మూత తీసి సైఫన్ పైపుతో పైనుంచి వదులుతున్నాను. తప్పు ఎక్కడ జరుగుతోంది?

సీతమ్మధార, ఇప్పుడు డల్లాస్:
తమ్ముడూ, బీరు సంగతి తర్వాత, ముందు రూల్స్ తెలుసుకో. ఫెడరల్ చట్టం 1978లో మార్చారు, కార్టర్ సంతకం పెట్టాడు. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు. దాని మీద రాష్ట్రాల చట్టాలు వేరే, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. అమ్మడం మాత్రం ఎక్కడా కుదరదు, పార్టీలో స్నేహితుల దగ్గర ఖర్చుల కోసమని డబ్బులు తీసుకున్నా అది అమ్మకమే. ఇంకోటి, నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. వీసా మీద ఉన్నవాడివి, రెండు గ్లాసులు తాగి స్టీరింగ్ పట్టుకోకు. 2015 నుంచి డీయూఐ (తాగి బండి నడపడం) అరెస్టు జరిగితే చాలు, కేసు తేలకముందే వీసా స్టాంపు రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ఏయూ కెమికల్, ఇప్పుడు హ్యూస్టన్:
అన్నయ్య చెప్పింది గుర్తుపెట్టుకో, ఇక నీ ప్రశ్నకి వస్తాను. మూత తీసి పోయడమే తప్పు. బీరుని పులియబెట్టే ఈస్ట్ పనిలో ఉన్నంతసేపు కాస్త ఆక్సిజన్ తగిలినా అదే వాడేసుకుంటుంది. పులియడం అయిపోయాక వాడుకునేవాళ్ళు లేరు కాబట్టి అది హాప్స్ మీద, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మీద పడుతుంది. బీచ్ రోడ్ ఫ్లాట్లలో కిటికీ గ్రిల్స్ చూశావుగా, ఎన్నిసార్లు పెయింట్ వేసినా కింద నుంచి పొరలు పొరలుగా లేచిపోతాయి. అక్కడ ఇనుముని తినేదీ ఇక్కడ నీ బీరుని తినేదీ ఒకటే ఆక్సిజన్.

గ్రావిటీ (బీరులో ఇంకా ఎంత చక్కెర ఉందో చెప్పే కొలత) మూడు రోజులు ఒకే అంకె దగ్గర నిలబడ్డాకే కదిలించు. ఆ తర్వాత రెండు రోజులు ఫ్రిజ్‌లో 1, 2 డిగ్రీల దగ్గర ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. ఒక జాగ్రత్త, చల్లబడేటప్పుడు ఫెర్మెంటర్ బయట గాలిని ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే బిరడా) గుండా లోపలికి లాక్కుంటుంది, అందుకని ఎయిర్‌లాక్ స్థానంలో సీఓ2 నింపిన బెలూన్ కట్టు. ఈలోపు 5 గ్యాలన్ల నీళ్ళలో 30 ఎంఎల్ స్టార్ శాన్ (క్రిములు చంపే ద్రవం) కలిపి కెగ్‌ని అంచుదాకా నింపి, మూత బిగించి, ఆ నీళ్ళు మొత్తం సీఓ2తో బకెట్‌లోకి తోసెయ్. ఇప్పుడు కెగ్ నిండా సీఓ2 తప్ప ఏమీ ఉండదు. కెగ్ మూత మీది వాల్వ్ రింగు లాగి లోపలి ప్రెషర్ పూర్తిగా వదిలెయ్, లేకపోతే గ్యాస్ వెనక్కి తన్ని ఫెర్మెంటర్ అడుగున ఉన్న మడ్డినంతా లేపుతుంది.

ఫెర్మెంటర్‌ని కిచెన్ గట్టు మీద, కెగ్‌ని నేల మీద పెట్టు. కుళాయి నుంచి వచ్చే పైపులో ముందు కాస్త బీరు బయటికి వదిలి, పైపులో గాలి పోయాకే నల్ల కనెక్టర్‌తో లిక్విడ్ పోస్ట్‌కి (కెగ్ పైన బీరు వెళ్ళే మొన) తగిలించు. అక్కడ డిప్ ట్యూబ్ అనే లోపలి గొట్టం అడుగుదాకా ఉంటుంది కాబట్టి బీరు చిమ్మకుండా కింద నుంచి పైకి నిండుతుంది. గ్యాస్ పోస్ట్ నుంచి బూడిదరంగు కనెక్టర్‌తో ఇంకో పైపు ఫెర్మెంటర్ పైకి పెడితే కెగ్‌లోంచి వచ్చే సీఓ2 అక్కడ ఖాళీ అయిన చోటుకి వెళ్తుంది. ఎక్కడా గాలి తగలదు.

గాజువాక, ఇప్పుడు న్యూజెర్సీ:
బాబూ, ఇవన్నీ బాగానే ఉన్నాయి, అపార్ట్‌మెంట్‌లో ఉంటే నాకు జరిగింది విను. దీపావళి ముందు వారం, బీరు త్వరగా గ్యాస్ పట్టాలని 30 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) మీద వదిలేసి పడుకున్నాను. ట్యాప్ గొట్టం ఫ్రిజ్ లోపలే చుట్టి పెట్టాను, తలుపు వేసినప్పుడు దాని మీట నొక్కుకుపోయింది. తెల్లారి లేచి హాల్లో కాలు పెడితే కార్పెట్ చప్‌మని నీళ్ళు కక్కింది. 19 లీటర్లు మొత్తం పోయింది, కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ మీద ఇంత పెద్ద పసుపు మరక. మా ఇంటి ఓనర్ వచ్చి చూసి అప్పుడు ఒక్క మాట అనలేదు, ఖాళీ చేసేటప్పుడు హాలు ఒక్కటే తడిస్తే బెడ్‌రూమ్ కార్పెట్ కూడా లెక్కలో వేసి డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాడు. బెడ్‌రూమ్ తడవలేదని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇంట్లో దిగిన రోజే ప్రతి గదీ వీడియో తీసుకో. కెగ్ కింద ట్రే పెట్టు, రాత్రి ట్యాప్ ఊడదీసి పడుకో. 11, 12 పీఎస్‌ఐ పెట్టి 3 డిగ్రీల దగ్గర పది రోజులు ఆగితే బీరు తనంతట తానే గ్యాస్ పట్టుకుంటుంది, తొందరెందుకు?

సీతమ్మధార, ఇప్పుడు డల్లాస్:
కెగ్ నిండా స్టార్ శాన్ నింపి తోయడం శుద్ధ దండగ. మూడుసార్లు గ్యాస్ ఎక్కించి రింగు లాగితే చాలు. సీఓ2 బరువు కదా, బీరు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పన్నెండేళ్ళ నుంచి నేను చేసేది అదే.

ఏయూ కెమికల్, ఇప్పుడు హ్యూస్టన్:
అన్నయ్యా, దుప్పటి మాట మీద నేను ఒప్పుకోను. అగరొత్తి వెలిగిస్తే పొగ ఒక మూలే కూర్చుంటుందా, గదంతా పాకుతుంది. గ్యాసులు కలిసిపోతాయి. లెక్క చూడండి. 30 పీఎస్‌ఐ ఎక్కించి వదిలితే ప్రతిసారీ ఆక్సిజన్ మూడో వంతుకి తగ్గుతుంది. గాలిలో 21 శాతంతో మొదలుపెట్టి మూడుసార్లు చేస్తే ఇంకా 0.8 శాతం దాకా మిగులుతుంది, అంటే దాదాపు 8,000 పీపీఎం (పది లక్షల్లో 8,000 వంతులు). మీరు చేసేది స్టౌట్లు (నల్లటి బీర్లు), అవి కొంత ఓర్చుకుంటాయి. ఈ అబ్బాయిది హాప్స్ దండిగా వేసిన ఐపీఏ రకం బీరు, అది ఓర్చుకోదు. పదిసార్లు చేస్తే 4 పీపీఎం లోపుకి వస్తుంది, కానీ దానికయ్యే గ్యాస్ కంటే స్టార్ శాన్ నీళ్ళే చవక, పైగా ఆ నీళ్ళు దాచుకుని మళ్ళీ వాడుకోవచ్చు.

భీమిలి, ఇప్పుడు టొరంటో:
నిండిందో లేదో చూద్దామని మధ్యలో మూత తీయకు. చల్లటి బీరు ఎక్కుతుంటే కెగ్ బయట చెమట పడుతుంది, ఆ తడి గీత ఎక్కడిదాకా వచ్చిందో బీరు అక్కడిదాకా ఉన్నట్టు. గాలిలో తేమ లేకపోతే కెగ్‌ని కాటా మీద పెట్టి బరువు చూడు. హాప్స్‌ని సంచిలో వేసి నానబెట్టు, లేకపోతే ముక్కలు పోస్ట్‌లో అడ్డం పడి సగంలో ఆగిపోతుంది, అప్పుడు విప్పక తప్పదు, గాలీ తగలక తప్పదు.

ఎంవీపీ కాలనీ, ఇప్పుడు కొలంబస్:
అందరికీ చాలా థాంక్స్ అండి. శనివారం చేస్తాను. నాది గాజు కార్బాయ్ (పెద్ద సీసా లాంటి ఫెర్మెంటర్), కుళాయి లేదు. పైనుంచి సీఓ2 5 పీఎస్‌ఐ ఇచ్చి బీరుని తోయొచ్చా?

ఏయూ కెమికల్, ఇప్పుడు హ్యూస్టన్:
వద్దు వద్దు. గాజు కార్బాయ్‌కి ప్రెషర్ అసలు పెట్టకు, పగిలితే ముక్కలు ఒంట్లో దిగుతాయి. ఎత్తు మీద పెట్టి సైఫన్‌తోనే దించు, సైఫన్ కొసని లిక్విడ్ పోస్ట్‌కి తగిలించు, మిగతాదంతా పైన చెప్పినట్టే. శనివారం పొద్దున మొదలుపెట్టేముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టు, నేను లేచే ఉంటాను.